సీ డ్రైవ్‌లో 300 జీబీ ఖాళీ ఉంది, ష్రింక్ మాత్రం 11 జీబీయే ఇస్తానంటోంది

ఎంవీపీ_అక్క
ల్యాప్‌టాప్ ఒకటి, వాడేవాళ్ళం ఇద్దరం. నేను ఇంట్లోంచే నాలుగైదు షాపుల వాళ్ళకి జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. టాలీ, డిజిటల్ సంతకం అన్నీ విండోస్ 11లోనే. మా తమ్ముడు బీటెక్ సెకండియర్. కాలేజీలో ఉబుంటు అనే లినక్స్ పెట్టుకోమన్నారట, దానితోపాటు హ్యాకింగ్ పాఠాలకి వాడే కాళీ లినక్స్ కూడా కావాలట. ఇంకో ల్యాప్‌టాప్ కొనే ఉద్దేశం ఇప్పట్లో లేదు.
ఎస్ఎస్‌డీ 512 జీబీ అని కొన్నాం, చూపించేది 476. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో వరసగా 100 ఎంబీ ఈఎఫ్ఐ, 475 జీబీ సీ, చివర 800 ఎంబీ రికవరీ అని ఉన్నాయి. సీలో 308 జీబీ ఖాళీ. రైట్ క్లిక్ కొట్టి, డ్రైవ్‌ని తగ్గించి చివర్న చోటు విడదీసే ష్రింక్ వాల్యూమ్ అంటే చాలాసేపు ఆలోచించి 11264 అని చూపించింది. అంటే 11 జీబీ! మాకు కావలసింది కనీసం 120. మిగతా ఖాళీ అంతా ఎవరిది మరి?
తమ్ముడేమో "ఇదంతా ఎందుకక్కా, ఇన్‌స్టాలర్‌లో ఎరేజ్ డిస్క్ అని ఉంటుంది, అది కొట్టేస్తే అయిపోద్ది" అంటున్నాడు. 20వ తారీకు లోపు జీఎస్టీ 3బీ రిటర్నులు వేయాలి. ఈలోపు తేడా వస్తే నా పని గోవిందా.

మురీమిక్చర్
కాళీకి ఖాళీ లేదన్నమాట.

గాజువాక_గ్రబ్
ఎరేజ్ డిస్క్ నొక్కితే విండోస్, టాలీ, మీ క్లయింట్ల బిల్లులు అన్నీ పోయి ఉబుంటు ఒక్కటే మిగులుతుంది. తమ్ముణ్ణి ల్యాప్‌టాప్‌కి ఆరడుగుల దూరంలో ఉంచండి.

ఎన్ఏడీ_జంక్షన్
నవ్వుతాలుగా చెప్పడం లేదు, ఆ బటన్ నొక్కిన మహానుభావుణ్ణి నేనే. రాత్రి రెండు గంటలు, నిద్రమత్తు. విండోస్‌ని ఉంచి పక్కన వేసే "ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్" అనే లైను నా ల్యాప్‌టాప్‌లో రాలేదు. ఎందుకు రాలేదో ఆలోచించకుండా, ఉన్నవాటిలో మొదటిది టిక్ పెట్టి కంటిన్యూ, కంటిన్యూ. బార్ సగానికి వచ్చాక గుర్తొచ్చింది, డీ డ్రైవ్‌లో మా చెల్లి పెళ్ళి ఫొటోలున్నాయని. వైరు పీకాను, లాభం లేదు. ల్యాప్‌టాప్ కదా, బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది.

డాబాగార్డెన్స్_చిన్నా
@ఎన్ఏడీ_జంక్షన్ ఫొటోలు వచ్చాయా?

ఎన్ఏడీ_జంక్షన్
రాలేదు. పోయినవి వెతికే టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ రెండూ వేశాను. పాత హార్డ్ డిస్కయితే దొరికేవేమో. ఎస్ఎస్‌డీ మీద లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేస్తే అక్కడి బ్లాకులన్నీ ఇక అక్కర్లేదని ఆ ఫార్మాట్ చేసేదే డ్రైవ్‌కి చెప్పేస్తుందట. డ్రైవ్ వాటిని నిజంగానే తుడిచేస్తుంది. ఆల్బమ్‌ని స్కాన్ చేయించాం. చెల్లి ఇప్పటికీ ఫంక్షన్ ఫంక్షన్‌కీ గుర్తు చేస్తుంది.

డాబాగార్డెన్స్_చిన్నా
అక్కా, అసలు ప్రశ్నకి వద్దాం. 308 ఖాళీ ఉంటే 11 ఎందుకిస్తోంది?
ఆర్టీసీ బస్సు అనుకోండి. సీట్లు చాలా ఖాళీ. కానీ చివరి సీట్లో ఒక మామ్మ చేపల తట్టతో కూర్చుంది. బస్సు వెనక భాగం కోసి వేరే వాళ్ళకి ఇవ్వాలంటే ఆవిడ ముందుకు రావాలి. మామూలు ప్రయాణికుల్ని విండోస్ ముందు సీట్లలోకి జరుపుతుంది, మామ్మని మాత్రం కదపలేదు. ఆవిడ ఎక్కడ కూర్చుంటే అక్కడివరకే కోత. మధ్యలో ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నా లెక్కలోకి రావు.
ఆ మామ్మలు మామూలుగా ఎవరంటే, నిద్రపోయేముందు ర్యామ్‌లోది దాచుకునే హైబర్నేషన్ ఫైలు, ర్యామ్ చాలనప్పుడు వాడుకునే పేజ్ ఫైలు, వెనక్కి వెళ్ళడానికి దాచిన రీస్టోర్ పాయింట్లు, ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే ఎన్‌టీఎఫ్ఎస్ సొంత పట్టిక. మీ దగ్గర ఎవరు కూర్చున్నారో కనుక్కోవచ్చు. ష్రింక్ ఒకసారి కొట్టి వదిలేసి, ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్‌లో 259 నంబరు ఈవెంట్ వెతకండి. కదలని ఆఖరి ఫైలు ఏదో పేరుతో సహా రాసి ఉంటాది.

మురీమిక్చర్
మామ్మ పేరు హైబర్‌ఫిల్.

గాజువాక_గ్రబ్
చిన్నా చెప్పింది కరెక్టే, కానీ దానికంటే ముందు చూడాల్సింది ఇంకొకటుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్ళి డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన కొత్త ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి మనల్ని అడక్కుండానే అది ఆన్ అయి ఉంటుంది. ఎన్ఏడీ గారికి "అలాంగ్‌సైడ్" లైను రాకపోవడానికి కారణం బహుశా అదే. ఆ ఎన్‌క్రిప్షన్ చేసేది బిట్‌లాకర్, అది తాళం వేసిన పార్టిషన్‌ని, అంటే డిస్కులో విడదీసిన ముక్కని, ఉబుంటు ఇన్‌స్టాలర్ జరపలేదు.
ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళితే కనబడుతుంది. కాగితం మీద రాసుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసుకునేవాళ్ళు ఉన్నారు, బీరువా తాళం బీరువాలో పెట్టి తలుపు వేసినట్టు.

ఎంవీపీ_అక్క
ఆన్‌లోనే ఉంది! నేనెప్పుడూ పెట్టలేదు. కీ దొరికింది, జీఎస్టీ డైరీ వెనక అట్ట మీద రాశాను.

రుషికొండ_రాత్రిషిఫ్ట్
ఒక్క నిమిషం. అందరూ కత్తులు నూరుతున్నారు గానీ, కొయ్యాల్సిన అవసరం ఉందా? ఆఫీసులో నేను చేసేది డెస్క్‌టాప్ సపోర్ట్. బీటెక్ రెండో ఏడాది అబ్బాయికి కావలసింది టెర్మినల్, జీసీసీ, పైథాన్. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ వేస్తే ఉబుంటు పది నిమిషాల్లో వస్తుంది. కాళీ కావాలంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిపే వర్చువల్‌బాక్స్. పార్టిషన్ ముట్టుకునే పనే లేదు, 20వ తారీకు భయమూ లేదు.

మధురవాడ_బీటెక్
డబ్ల్యూఎస్ఎల్ అంటే టిఫిన్ సెంటర్లో ఫొటో చూపించి ఇడ్లీ తిన్నావనుకో అన్నట్టు ఉంటుంది. తమ్ముడు నేర్చుకోవాలనుకుంటున్నాడు, నేర్చుకోనివ్వండి. అసలు వాడికి 200 జీబీ ఇవ్వాలి. సగం సగం కూడా అడగడం లేదు పాపం.

గాజువాక_గ్రబ్
@రుషికొండ_రాత్రిషిఫ్ట్ ర్యామ్ ఎంతో తెలియకుండా వర్చువల్‌బాక్స్ అంటే ఎలా? అక్కా, ర్యామ్ ఎంత?

ఎంవీపీ_అక్క
8 జీబీ.

గాజువాక_గ్రబ్
చూశారా. విండోస్ 11, క్రోమ్, టాలీ తెరిస్తేనే అందులో ముప్పావు అయిపోతుంది. మిగిలిన దాంట్లో కాళీని కూర్చోబెడితే ఇద్దరూ ఉక్కపోతే. ఉబుంటు నేరుగా డిస్క్ మీద ఉంటేనే ఆ 8 జీబీ మొత్తం దానికొస్తుంది.

రుషికొండ_రాత్రిషిఫ్ట్
ఉబుంటు వరకూ ఒప్పుకుంటాను. కాళీ విషయంలో తగ్గను. లినక్స్ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అది తగదని కాళీ వాళ్ళ సొంత డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంటుంది. రోజువారీ వాడకానికి చేసింది కాదది.

మధురవాడ_బీటెక్
వర్చువల్ మిషన్‌లో వైఫై ప్రాక్టికల్స్ అవ్వవు. ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డు దానికి కనబడదు.

రుషికొండ_రాత్రిషిఫ్ట్
యూఎస్‌బీ వైఫై అడాప్టర్ పెడితే కనబడుతుంది. అయినా సెకండియర్‌లో వైఫై ప్రాక్టికల్స్ ఏంటి నాయనా, పక్కింటి వాళ్ళదా?

మురీమిక్చర్
పక్కింటి వాళ్ళు పాస్‌వర్డ్ మార్చుకునే టైమొచ్చింది.

స్టీల్‌సిటీ_డెబియన్
ఇప్పటివాళ్ళు అదృష్టవంతులు. 2004లో నా దగ్గర 40 జీబీ డిస్కు, దాంట్లో ఎక్స్‌పీ, పక్కన రెడ్ హ్యాట్ 9 లినక్స్. అప్పట్లో పార్టిషన్ పట్టిక ఎంబీఆర్. డిస్కు మొదటి సెక్టార్ 512 బైట్లు, అందులో 446 బూట్ కోడ్‌కి, 64 పట్టికకి, చివరి రెండు గుర్తుకి. పట్టికలో ఒక్కో పార్టిషన్‌కి 16 బైట్లు, అంటే నాలుగే పార్టిషన్లు. 1983లో డాస్ 2.0 నాటి లెక్క. ఐదోది కావాలంటే ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్ చేసి దాని కడుపులో లాజికల్ డ్రైవ్‌లు పెట్టేవాళ్ళం. పైగా 2 టీబీ దాటిన డిస్కుని అది మోయలేదు.
ఎక్స్‌పీకి ఆర్నెల్లకోసారి జబ్బు చేసేది. మళ్ళీ వేస్తే ఆ 446 బైట్లలో తనది రాసుకుని కూర్చునేది, లినక్స్‌ని ఎక్కించే గ్రబ్ గల్లంతు. రెడ్ హ్యాట్ మొదటి సీడీ పెట్టి, రెస్క్యూలోకి వెళ్ళి గ్రబ్ మళ్ళీ ఎక్కించడం నాకు సంధ్యావందనంలా అలవాటైపోయింది. ముందు విండోస్, తర్వాత లినక్స్ అనే మాట అక్కణ్ణుంచి వచ్చిందే. ఇప్పుడు పట్టిక జీపీటీ, బూట్ చేయించేది యూఈఎఫ్ఐ. విండోస్‌లో 128 పార్టిషన్ల దాకా పట్టిక. ఎవరి బూట్‌లోడర్ వాళ్ళ ఫోల్డర్‌లో ఉంటుంది, ఒకళ్ళ నెత్తిన ఇంకొకళ్ళు కూర్చోరు.

ఎన్ఏడీ_జంక్షన్
ఇంత తెలిసిన మీరు నాకు పెళ్ళి ఫొటోలప్పుడు ఎక్కడున్నారండీ.

సర్వే_మాస్టారు
నాకు కంప్యూటర్లు అంతంత మాత్రమే. 34 ఏళ్ళు భూముల సర్వేలో పనిచేసి రిటైరయ్యాను. మనవడికి ఉబుంటు వేస్తుంటే పక్కన కూర్చుని చూశాను, అప్పటి నుంచి ఈ సంగతులు చదువుతుంటాను. డెబియన్ గారు చెప్పిన పట్టిక అచ్చం మా ఎఫ్ఎంబీయే, పొలాల కొలతల పుస్తకం. పొలంలో మట్టి మారదు, గట్టు ఎక్కడుందో కాగితం మీద గీత మారుతుంది, అంతే. ఆ కాగితం చిరిగితే పొలం అక్కడే ఉంటుంది, ఎవరిదో తెలియదు. మా మనవడు చెప్పింది ఏమిటంటే, పాత పద్ధతిలో ఆ పుస్తకం ఒకటే ప్రతి. జీపీటీలో డిస్కు మొదట్లో ఒకటి, చిట్టచివర నకలు ఒకటి ఉంటాయి. ఒకటి పాడైతే రెండోది చూసి రాసుకోవచ్చు. మాకూ పై ఆఫీసులో ఇంకో ప్రతి ఉండేది కాబట్టే ఎన్నో తగాదాలు తెగాయి.
అమ్మా, అక్కాతమ్ముళ్ళ పంపకం కదా, ముందే నోటిమాటతో కాకుండా కాగితం మీద రాసుకోండి.

గాజువాక_గ్రబ్
మాస్టారూ, సూపర్. పట్టిక పోయినప్పుడు టెస్ట్‌డిస్క్ చేసేది కూడా అదే, పొలంలో తిరిగి పాత సరిహద్దు రాళ్ళు వెతకడం.

ఎంవీపీ_అక్క
మామ్మ వేట రిపోర్ట్. ముందు బిట్‌లాకర్ ఆఫ్ చేశాను, డీక్రిప్ట్ అవడానికి గంట పైనే పట్టింది, చార్జర్ పెట్టే ఉంచాను. తర్వాత హైబర్నేషన్ ఆపాను. ష్రింక్ 11 నుంచి 43కి వచ్చింది. 259 ఈవెంట్ చూస్తే ఈసారి "సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్" అని ఉంది.

డాబాగార్డెన్స్_చిన్నా
అవి రీస్టోర్ పాయింట్లు. సిస్టమ్ ప్రొటెక్షన్‌లో సీకి ఆఫ్ చేసి డిలీట్ కొట్టండి. పేజ్ ఫైలు కూడా నో పేజింగ్ ఫైల్ అని పెట్టి రీస్టార్ట్ చేయండి. పని అయ్యాక రెండూ మళ్ళీ ఆన్ చేయాలి, మర్చిపోకండి. 8 జీబీ ర్యామ్‌తో పేజ్ ఫైలు లేకపోతే టాలీ మధ్యలో మూర్ఛపోతాది.
హైబర్నేషన్ మాత్రం ఆఫ్‌లోనే ఉంచండి. దానితో ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, ఒకే దెబ్బకి రెండు పిట్టలు. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా పడుకోదు, సీని సగం తెరిచినట్టు వదిలేస్తుంది. లినక్స్‌లోంచి అది రాయడానికి తెరుచుకోదు. బలవంతంగా తెరిస్తే ఫైళ్ళు చెడతాయి.

ఎంవీపీ_అక్క
151!!! జీబీల్లోనే!

మురీమిక్చర్
మామ్మ దిగిపోయింది, తట్టతో సహా.

మధురవాడ_బీటెక్
151 మొత్తం తమ్ముడికే కదా? లేకపోతే ఇంత కష్టపడి ఎందుకు.

ఎంవీపీ_అక్క
120 అనుకున్నాం, 120యే. డబ్బాలో 122880 కొట్టాను, 1024తో గుణించి. ఇంకో సందేహం, 512 అని అమ్మి 476 ఇవ్వడం ఏంటి? కిలో జీడిపప్పు అని 930 గ్రాములు తూచినట్టు.

స్టీల్‌సిటీ_డెబియన్
తూకం సరిగ్గానే ఉంది, రాళ్ళు వేరు. కంపెనీ వాళ్ళు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అని లెక్కేస్తారు, విండోస్ 1024ని మూడుసార్లు గుణించి లెక్కేస్తుంది. 512ని అలా కొలిస్తే 476 చిల్లర.

కంచరపాలెం_బ్యాకప్
ఇంతమంది ఇంత రాశారు, బ్యాకప్ అనే మాట ఒక్కరూ ఎత్తలేదు. నాది డెస్క్‌టాప్, యూపీఎస్ లేదు. మూడేళ్ళ కిందట మే నెలలో జీపార్టెడ్‌తో డీ డ్రైవ్‌ని ఎడమవైపుకి జరిపాను. కుడివైపు నుంచి తగ్గిస్తే త్వరగా అయిపోతుంది. కానీ పార్టిషన్ మొదలుని జరిపితే లోపలున్న డేటా అంతా ఒక్కో ముక్కా కొత్త చోటికి కాపీ అవ్వాలి. 300 జీబీ, పాత హార్డ్ డిస్కు, మూడు గంటలు చూపించింది. ఫ్యాన్ కింద కునుకు తీశాను. చెమట పట్టి లేచాను. ఫ్యాన్ తిరగడం లేదు. తర్వాత చూస్తే మానిటర్‌లో లైటూ లేదు. సగం డేటా కొత్త చోట, సగం పాత చోట, పట్టిక ఎటూ కాకుండా. ఎవర్నీ తిట్టడానికి లేదు, ఆ ఎండల్లో కరెంటు పోతుందని చిన్న పిల్లాడికీ తెలుసు.

డాబాగార్డెన్స్_చిన్నా
నిజమే, నేనే ముందు చెప్పాలి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి ఉచిత సపోర్టు ఆగినప్పటి నుంచి పాత సిస్టమ్‌లకి లినక్స్ వేయమని మా బెంచి మీదకి చాలా వస్తున్నాయి, రిపేరు షాపు కదా. అందరినీ అడిగే మొదటి ప్రశ్న, బ్యాకప్ ఉందా అని. "ఉంది, డీలో ఉంది" అంటారు. ఒరే బాబూ, సీ, డీ రెండూ ఒకే డిస్కు రా! మధ్యలో గోడ కట్టినంత మాత్రాన ఇల్లు రెండవదు.

ఎంవీపీ_అక్క
టాలీ డేటా ఫోల్డర్ రెండు పెన్‌డ్రైవ్‌ల్లోకి, బిల్లుల స్కాన్లు ఎక్స్‌టర్నల్‌లోకి వేశాను. ఒక పెన్‌డ్రైవ్ మా అమ్మకి ఇచ్చాను, పోపుల డబ్బా పక్కన పెట్టింది.
ఇప్పుడు ఈ 120ని ఎలా విడగొట్టాలి? ఒక వీడియోలో రూట్, హోమ్, స్వాప్, బూట్, ఈఎఫ్ఐ అని ఐదు చేస్తున్నారు.

స్టీల్‌సిటీ_డెబియన్
సొంత ఫైళ్ళుండే హోమ్ వేరుగా పెట్టండి. రేపు ఉబుంటు మళ్ళీ వేయాల్సొస్తే సిస్టమ్ ఉండే రూట్ ఒక్కటే ఫార్మాట్ చేస్తారు, అబ్బాయి ఫైళ్ళు భద్రం.

గాజువాక_గ్రబ్
120కి అంత పంపకం ఎందుకు సార్? రూట్‌కి 30 ఇస్తే ఆర్నెల్లలో నిండుతుంది, హోమ్‌లో 60 ఖాళీగా పడుంటుంది, అప్పుడు మళ్ళీ జరపాలి. ఒకటే రూట్, ఈఎక్స్‌టీ4. స్వాప్ అంటే లినక్స్ పేజ్ ఫైలు లాంటిది, దానికి పార్టిషన్ అక్కర్లేదు, ఉబుంటు 17.04 నుంచి స్వాప్ ఫైలే పెట్టుకుంటోంది. బూట్‌లోడర్లుండే ఈఎఫ్ఐ కొత్తది చేయకండి, ఉన్న 100 ఎంబీలోనే ఉబుంటు తన చిన్న ఫోల్డర్ పెట్టుకుంటుంది. దాని పక్కన ఫార్మాట్ టిక్ పడకుండా చూసుకోండి. అది పడితే విండోస్ బూట్‌లోడర్ పోయినట్టే.

స్టీల్‌సిటీ_డెబియన్
మీకు 30 నిండుతుందేమో, నాకు 15 ఏళ్ళుగా నిండలేదు.

గాజువాక_గ్రబ్
మీరు చోటు ఎక్కువ తినే ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లు వేయరు సార్. ఈ కాలం పిల్లలు వేస్తారు.

రుషికొండ_రాత్రిషిఫ్ట్
మీ ఇద్దరి పంపకాలు తర్వాత. అక్కా, అసలు విషయం ఒకటుంది. బిట్‌లాకర్ ఇప్పుడు ఆఫ్‌లో ఉంది. ఉబుంటులోంచి చూస్తే మీ సీ డ్రైవ్ మొత్తం తెరుచుకుంటుంది, విండోస్ పాస్‌వర్డ్ అడగదు. క్లయింట్ల పాన్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ తమ్ముడికి, వాడి ఫ్రెండ్స్‌కి కనబడతాయి. ఉబుంటు పడ్డాక బిట్‌లాకర్ మళ్ళీ ఆన్ చేయండి.

ఎంవీపీ_అక్క
ఇది నాకు తట్టనే లేదు. థాంక్సండీ. తప్పకుండా ఆన్ చేస్తాను.

గాజువాక_గ్రబ్
అలాగైతే ఒక మెలిక. బిట్‌లాకర్ ఉన్న విండోస్‌ని గ్రబ్ మెనూలోంచి ఎక్కితే, బూట్ దారి మారిందని తాళం కాసే టీపీఎమ్ చిప్‌కి అనుమానం వచ్చి 48 అంకెలు అడిగే అవకాశం ఉంది. అందుకని బయోస్‌లో విండోస్‌నే మొదటిగా ఉంచండి. మీకు ఏ మార్పూ తెలియదు. తమ్ముడు ఉబుంటు కావాలనుకున్నప్పుడు ఆన్ చేస్తూ బూట్ మెనూ బటన్ నొక్కి ఎంచుకుంటాడు. కొన్ని కంపెనీల్లో ఎఫ్12, కొన్నిట్లో ఎఫ్9, కొన్నిట్లో ఎస్కేప్.

మధురవాడ_బీటెక్
ఎఫ్12 ఊడిపోయింది కదా, అది కుదరదు. విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొడితే నీలం తెర వస్తుంది, అందులో యూజ్ ఎ డివైస్ అని ఉంటుంది. పెన్‌డ్రైవ్ అయినా ఉబుంటు అయినా అక్కణ్ణుంచి ఎక్కొచ్చు.

డాబాగార్డెన్స్_చిన్నా
ఇది మంచి దారి. బెంచి మీద నేనూ ఇదే వాడతాను.

ఎన్ఏడీ_జంక్షన్
ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనబడకపోతే కంగారు పడకండి. బయోస్‌లో డిస్కుని నడిపే ఇంటెల్ ఆర్ఎస్‌టీ, వీఎమ్‌డీ లాంటి పద్ధతి ఆన్‌లో ఉంటుంది. అలాగని వెంటనే మామూలు పద్ధతి ఏహెచ్‌సీఐకి మార్చేయకండి, విండోస్ నీలం తెర వేస్తుంది. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌కి సెట్ చేసి, మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి ఎక్కాక మామూలుకి రావాలి. ఈసారి ఇది కూడా నా అనుభవమే, కానీ సుఖాంతం.

ఎంవీపీ_అక్క
డిస్కు కనబడింది. షిఫ్ట్ రీస్టార్ట్ పనిచేసింది. పార్టిషన్ల పేజీ దగ్గర ఆగాను, భయమేస్తోంది. ఫోన్లో రాస్తున్నా. వరస ఇలా ఉంది: పీ1 100 ఎంబీ, పీ2 16 ఎంబీ, పీ3 355 జీబీ, ఫ్రీ స్పేస్ 120, పీ4 800 ఎంబీ. ఈ 16 ఎంబీ ఏంటి? విండోస్‌లో ఇది కనబడలేదే!

స్టీల్‌సిటీ_డెబియన్
అది విండోస్ తన కోసం దాచుకున్న రిజర్వ్‌డ్ పార్టిషన్. డిస్క్ మేనేజ్‌మెంట్ చూపించదు. ముట్టుకోకండి.

సర్వే_మాస్టారు
ప్రతి లేఅవుట్‌లో అలాంటి ముక్క ఒకటి ఉంటుందమ్మా. ఎవరిదని అడక్కూడదు, కలుపుకోకూడదు.

ఎంవీపీ_అక్క
ఫ్రీ స్పేస్‌లో 90 జీబీకి ఉబుంటు, ఈఎక్స్‌టీ4, రూట్. 30 వదిలేశాను. పీ1 పక్కన ఫార్మాట్ టిక్ లేదని నాలుగుసార్లు చూశాను. విచిత్రం ఏంటంటే కొత్తది పీ3 పక్కనే ఉన్నా దానికి పీ5 అని పేరు పడింది. సరేనా?

సర్వే_మాస్టారు
సరే. సబ్ డివిజన్ చేసినప్పుడు ఆఖరి నంబరు తర్వాతిదే కొత్త ముక్కకి వేస్తాం, అది ఎక్కడున్నా. ఊళ్ళలో 3 పక్కన 5, ఆ పక్కన 4 మామూలే. మిగిలిన 30ని ఏమంటారో తెలుసా, పోరంబోకు.

మధురవాడ_బీటెక్
పోరంబోకు భూమి పేద విద్యార్థులకి పంచాలి. కాళీకి 30 చాలు.

ఎంవీపీ_అక్క
వద్దు. ఉబుంటుకి ఎప్పుడైనా అవసరం పడితే ఉంటుంది. కాళీని డిస్కు మీద వేయకుండా పెన్‌డ్రైవ్‌లోంచి లైవ్‌గా వాడుకోమన్నాను.

రుషికొండ_రాత్రిషిఫ్ట్
న్యాయమైన తీర్పు.

ఎంవీపీ_అక్క
అయిపోయింది! ఉబుంటు ఎక్కింది, విండోస్ ఎక్కుతోంది, టాలీ తెరిచి ఒక వోచర్ కూడా వేసి చూశాను. పేజ్ ఫైలు, రీస్టోర్ ఆన్ చేశాను. బిట్‌లాకర్ మళ్ళీ తాళం వేసుకుంటోంది. ఒకే ఒక్క తేడా. ఇప్పుడు పొద్దున్న పది, విండోస్ గడియారం తెల్లవారుజాము నాలుగున్నర అంటోంది. సరిచేస్తాను, తమ్ముడు ఉబుంటు వాడి ఇచ్చాక మళ్ళీ అంతే.

మురీమిక్చర్
కంప్యూటర్ గ్రీనిచ్‌కి వలస వెళ్ళింది.

స్టీల్‌సిటీ_డెబియన్
జోక్ కాదు, అదే జరిగింది. బోర్డు మీద గడియారంలో లినక్స్ గ్రీనిచ్ టైమ్ రాస్తుంది, విండోస్ దాన్ని మన టైమ్ అనుకుని చదువుతుంది. ఐదున్నర గంటల తేడా అందుకే. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని పెట్టమనండి, ఒక్కసారి చాలు.

ఎంవీపీ_అక్క
పెట్టాడు, సరిపోయింది. అందరికీ థాంక్స్. 3బీలు కూర్చుని వేసేస్తాను, ఇంకా ఐదు రోజులుంది.
ఒక్కటి మాత్రం అడగాలి. ఎఫ్12 ఊడిపోయిందని నేను ఎక్కడ చెప్పాను?

మురీమిక్చర్
మొదటి నుంచీ వెతికాను. ఎక్కడా లేదు.

డాబాగార్డెన్స్_చిన్నా
ఓర్నీ! సగం కావాలి, 200 కావాలి, పోరంబోకు కావాలి అన్నది...

సర్వే_మాస్టారు
ఆక్రమణదారుడు ముందు నుంచీ సభలోనే ఉన్నాడన్నమాట.

మధురవాడ_బీటెక్
అంటే, చాలా ల్యాప్‌టాప్‌లకి ఎఫ్12 ఊడిపోతూ ఉంటుంది కదా, జనరల్‌గా చెప్పాను.

ఎంవీపీ_అక్క
ఇంటికి రా.